టీబీ మందులు వాడే ఇంట్లో లివర్‌ను కాపాడుకోవడం: పసరు, పొడి, పళ్లెం

కిందటి వర్షాకాలంలో మా మందుల దుకాణానికి ఒకావిడ వచ్చారు. చేతిలో బట్టల కొట్టు పేరు అచ్చేసిన సంచి. భర్తకు టీబీ మందులు మొదలై అయిదు వారాలు. "ఈ మందులు లివర్‌ను పాడుచేస్తాయని అందరూ భయపెడుతున్నారు బాబూ. కాపుగా ఏదైనా మూలికల పొడి ఉంటే ఇవ్వండి" అన్నారు. ముందు ఆయన ఏమేమి వేసుకుంటున్నారో చూపించమన్నాను. ఆవిడ సంచిని కౌంటరు మీద బోర్లించారు.

టీబీ మాత్రల స్ట్రిప్పు. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్, రోజుకు మూడు. జలుబు మాత్ర, రోజుకు రెండు. ఒళ్లునొప్పుల మాత్ర, అదీ రెండు. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన కర్కుమిన్ క్యాప్సూళ్ల డబ్బా. చివరగా న్యూస్‌పేపరు పొట్లంలో నేల ఉసిరి పొడి.

జలుబు మాత్ర వెనక చిన్న అక్షరాలు చదివితే అందులోనూ 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంది. నొప్పుల మాత్రలో ఇంకో 325. కాగితం మీద లెక్క వేశాను: 1950, 1000, 650. మొత్తం 3600 మిల్లీగ్రాములు. ఆయన బరువు 42 కిలోలు. బక్కపలచని మనిషికి రోజుకు కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదనే లెక్క తీసుకుంటే 3150 దగ్గర ఆగాలి. పైగా ఆకలి లేక రెండు పూటలే, అదీ నాలుగు ముద్దలే తింటున్నారట. లివర్‌కు కాపు వెతుక్కుంటూ వచ్చిన ఆవిడ సంచిలోనే దాని మీద మోపిన బరువంతా ఉంది.

మందుల వల్ల లివర్ దెబ్బతినడం గురించి చెప్పేటప్పుడు నేను టీబీనే ఉదాహరణగా తీసుకుంటాను. కారణం ఉంది. మన దేశంలో వేర్వేరు ఆసుపత్రుల నిపుణులు కలిసి 1288 మంది రోగుల వివరాలను 2021లో ప్రచురించారు. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న ఆ రోగుల్లో దాదాపు 46 శాతం మందికి కారణం టీబీ మందులు. రెండో స్థానం దేనిదనుకుంటున్నారు? మూలికలు, ఇతర ప్రత్యామ్నాయ మందులది, దాదాపు 14 శాతం. మూర్ఛ మందులు కూడా వాటి తర్వాతే. లివర్‌ను కాపాడుతుందని ఇంటికి తెచ్చుకునే సరుకు, లివర్‌ను దెబ్బతీసే జాబితాలో రెండోది. కింద చెప్పే ప్రతి మెట్టునూ ఈ ఒక్క సంగతి దృష్టిలో పెట్టుకుని చదవండి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, కొలెస్టరాల్‌కు స్టాటిన్లు వాడేవారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదటి మెట్టు: సంచి బోర్లించండి

ఇంట్లో ఆ మనిషి నోట్లోకి వెళ్లే ప్రతిదాన్నీ ఒకచోట పెట్టండి. డాక్టరు రాసినవి, దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి, బలానికని తాగే టానిక్కులు, కషాయాలు, ప్రొటీన్ పొడులు, బరువు తగ్గడానికి వాడేవి, ఎవరో ఇచ్చిన పొట్లాలు. పేరు ముందు వైపు చూడకండి, స్ట్రిప్పు వెనక చూడండి. పారాసెటమాల్ అన్న మాట ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి, మిల్లీగ్రాములు కూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు ఆఖరి గీత. మద్యం తాగేవారికి, 50 కిలోల లోపు బరువున్నవారికి, తిండి సరిగా తినని వారికి ఆ గీత చాలా ముందే ఉంటుంది, ఎంతో డాక్టరును అడగండి.

మెథోట్రెక్సేట్ వాడేవారు ఇంకో సంగతి చూడాలి. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకుంటారు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఏ మూలికా దీనికన్నా మెరుగైన కాపు కాదు.

రెండో మెట్టు: లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి

పారాసెటమాల్‌తో అర్థం చేసుకోవడం సులువు. మింగిన మందులో ఎక్కువ భాగాన్ని లివర్ నిరపాయకరంగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. నూటికి అయిదు నుంచి పది వంతులు మాత్రం ఒక ఎంజైము చేతిలో పడి విషంగా మారుతుంది. ఆ విషాన్ని పట్టుకుని కట్టిపడేసే కాపలాదారు గ్లూటాథయోన్. అది నిల్వ ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అది అయిపోయాక విషం లివర్ కణాల మీద పడుతుంది. మద్యం ఆ ఎంజైమును పెంచుతుంది. పస్తులు గ్లూటాథయోన్‌ను తగ్గిస్తాయి. రెండూ కలిసిన మనిషికి మామూలు మోతాదే ఎక్కువవుతుంది.

ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. అధిక మోతాదు మింగిన 8 గంటల లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. అది చేసే పని ఏమిటంటే, గ్లూటాథయోన్ తయారీకి కావలసిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని అందించడం. ఆ మాటను పట్టుకోండి, పళ్లెం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

టీబీ మందుల కథ కొంచెం వేరు. మొదటి రెండు నెలలు వేసే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను ఇబ్బంది పెట్టగలవు. ఎథాంబ్యుటాల్‌తో సాధారణంగా ఆ సమస్య ఉండదు. ఐసోనియాజిడ్‌ను లివర్ ఎంత వేగంగా మారుస్తుందన్నది పుట్టుకతో వచ్చే లక్షణం. నిదానంగా మార్చేవారికి ముప్పు ఎక్కువ. ఎవరికి ఎలా ఉందో ముఖం చూసి చెప్పలేం. అందుకే తర్వాతి మెట్టు.

మూడో మెట్టు: మొదటి మాత్రకు ముందే రక్తపరీక్ష

లివర్ పనితీరు చూసే ఈ పరీక్షను ల్యాబుల్లో ఎల్‌ఎఫ్‌టీ అంటారు. మందులు మొదలుపెట్టక ముందే ఒకటి చేయించి, కాగితాన్ని దాచండి. తర్వాత ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 90 వచ్చిందనుకోండి, అది మందు వల్ల పెరిగిందా, ముందు నుంచే ఉన్న కొవ్వు లివర్ వల్లా అని తేల్చేది ఆ పాత కాగితమే. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అప్పుడే చేయించడం మేలు. మద్యం అలవాటున్నవారు, వయసు పైబడినవారు, గర్భిణులు, హెచ్‌ఐవీ ఉన్నవారు మధ్యమధ్యలో మళ్లీ ఎప్పుడు చేయించాలో మొదటి రోజే అడిగి రాయించుకోవాలి. ఎక్కువ ఇబ్బందులు మొదటి రెండు నెలల్లోనే వస్తాయి.

ఎస్‌జీపీటీ కాస్త పెరిగితే కంగారు పడకండి. లక్షణాలేవీ లేకుండా కొద్దిగా పెరిగి, మందు నడుస్తుండగానే దానంతటది సర్దుకోవడం మామూలే. లక్షణాలుండి సాధారణ గరిష్ఠానికి మూడు రెట్లు, లక్షణాలు లేకున్నా అయిదు రెట్లు దాటితే డాక్టర్లు మందులు ఆపుతారు. కామెర్లు కనిపిస్తే అంకెలతో పని లేదు.

నాలుగో మెట్టు: పొట్లాలను పక్కన పెట్టండి

ఇక్కడ నాతో పోట్లాడేవారు ఎక్కువ. "మా తాతల నాటి నుంచి వాడుతున్నాం" అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. నేల ఉసిరికి కామెర్ల మందుగా పేరు ఊరికే రాలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి రోగుల మీద దాన్ని పరీక్షించి మంచి ఫలితం వచ్చిందని ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. ప్రపంచమంతా ఆసక్తి చూపింది. తర్వాత వేర్వేరు చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ దొరకలేదు. అదీగాక ఆ పరీక్ష వైరస్ మీద. టీబీ మాత్రల వల్ల వచ్చే దెబ్బ వేరు. పల్లెల్లో పసరు తాగిన చాలామందికి కామెర్లు తగ్గడం నిజమే. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. మందుల వల్ల వచ్చిన కామెర్లలో పసరు తాగుతూ మాత్రలు కొనసాగిస్తే రోజులు చేయి జారిపోతాయి.

ఇక "ఎలుకల్లో లివర్‌ను కాపాడినట్లు రుజువైంది" అని డబ్బాల మీద రాసేవాటి సంగతి. ఆ పరీక్షలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. కొన్ని రోజులు ఎలుకకు మూలిక సారం పట్టిస్తారు, తర్వాత ఒకేసారి పెద్ద మోతాదులో పారాసెటమాల్‌నో కార్బన్ టెట్రాక్లోరైడ్‌నో ఇస్తారు. లివర్ తక్కువ దెబ్బతింటే మూలిక గెలిచినట్టు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ రెండూ విషంగా మారాలంటే లివర్ ఎంజైములు పనిచేయాలి. మూలిక ఆ ఎంజైమును అడ్డుకుంటే విషం తక్కువ తయారవుతుంది, ఎలుక బతుకుతుంది. అదే మూలికను ఆరు నెలల టీబీ కోర్సులో ఉన్న మనిషికి ఇస్తే, ఎంజైములను కదిపినప్పుడు మందు రక్తంలో పెరగవచ్చు, తగ్గవచ్చు. పెరిగితే లివర్‌కు కష్టం. తగ్గితే క్రిమి మందుకు లొంగకుండా మొండికేస్తుంది. ఎలుకకు టీబీ లేదు కాబట్టి ఆ రెండో ప్రమాదం ఆ పరీక్షలో కనిపించదు.

ఒక్కొక్కటిగా చెబుతాను.

పసుపు వంటలో వేసుకోండి, క్యాప్సూల్‌గా వద్దు. లెక్క చూడండి: పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే 90 మిల్లీగ్రాములు. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అంటే అయిదారు చెంచాల పసుపును ఒక్క గుక్కలో మింగినట్టు. అది చాలదని అందులో మిరియాల సారం పైపరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధనలో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే మనుషుల్లో కర్కుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది. అప్పటి నుంచి ఆ జోడీ డబ్బాల్లోకి ఎక్కింది. తర్వాత అమెరికాలోనూ ఇటలీలోనూ పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు వరసగా నమోదయ్యాయి. అమెరికా కేసుల్లో చాలామందిలో ఒక ప్రత్యేక జన్యు లక్షణం కనిపించింది. మన పప్పులో చిటికెడు పసుపుకు ఈ కథతో సంబంధం లేదు.

తిప్పతీగ కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చింది. 2021లో ముంబై డాక్టర్లు దాన్ని వాడిన ఆరుగురిలో లివర్ వాపును నివేదించారు. ఆ నివేదికతో ఆయుష్ మంత్రిత్వ శాఖ విభేదించింది. మరుసటి ఏడాది పలు ఆసుపత్రుల నుంచి మరో 43 కేసులతో పెద్ద నివేదిక వచ్చింది. వాదన ఎటు తేలినా, లివర్‌ను ఇబ్బంది పెట్టే మందులు వాడుతున్న మనిషికి ఆ ప్రయోగం అనవసరం.

గ్రీన్ టీ తాగవచ్చు, గ్రీన్ టీ సారం మాత్రలు వద్దు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పిన ప్రకారం, ఆ ఆకులోని ప్రధాన పదార్థం సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయి. అశ్వగంధ, కలబంద రసం, ఊరు పేరు లేని "లివర్ శుద్ధి" పొడులు కూడా ఇదే వరసలో పెట్టండి. పొట్లాల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు, భస్మాలూ స్టెరాయిడ్లూ కలిసిన సందర్భాలున్నాయి.

పాలముల్లు (మిల్క్ థిసిల్) గింజల నుంచి తీసే సిలిమారిన్‌ను మన డాక్టర్లు కూడా తరచూ రాస్తారు. విషపు పుట్టగొడుగులు తిన్నవారికి ఐరోపాలో దాని ఇంజెక్షన్ వాడతారు, అది నిజం. టీబీ మందులతో పాటు ముందుజాగ్రత్తగా ఇచ్చిన పరీక్షల్లో మాత్రం ఒకచోట ఉపయోగం కనిపించింది, మరోచోట కనిపించలేదు. డాక్టరు రాస్తే వేసుకోండి, కానీ అది వేసుకుంటున్నాం కదా అని ఆ సాయంత్రం గ్లాసు ఎత్తకండి. దుకాణంలో నేను చూసే అసలు ప్రమాదం ఆ ధీమాయే.

ఐదో మెట్టు: పళ్లెం

గ్లూటాథయోన్‌ను గుర్తుంచుకోమన్నాను కదా. అది మూడు అమైనో ఆమ్లాలతో తయారవుతుంది. అవి ప్రొటీన్ నుంచి వస్తాయి. అంటే లివర్‌కు కాపు కావాలని పొట్లాలు వెతికేవారు ముందు చూడవలసింది పప్పు గిన్నెను, గుడ్డును. ఆహార లోపం టీబీ మందుల వల్ల లివర్ దెబ్బతినే ముప్పును పెంచుతుందని వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. ఝార్ఖండ్‌లో టీబీ రోగులకు, వారి కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణాలు చాలా తగ్గాయి. 42 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలు. ప్రభుత్వం ని-క్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే నెలకు 1000 రూపాయలు (2024 నవంబరు వరకు 500 ఉండేవి) ఇందుకే. వాటితో పొడి డబ్బా కొనకండి.

42 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ అనుకుందాం. పొద్దున్న రెండు పెసరట్లు, 50 గ్రాముల పెసలతో వేసినవి: 12 గ్రాములు. రెండు గుడ్లు: 13. మధ్యాహ్నం, రాత్రి ఒక్కో కప్పు ముద్దపప్పు: 14. గ్లాసు పాలు, కప్పు పెరుగు: 12. గుప్పెడు వేరుశనగ పప్పులు: 7. అన్నంతో వచ్చేది అదనం. గుడ్డు తినని ఇంట్లో నువ్వుల పొడి పనికొస్తుంది. పప్పుధాన్యాల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ నువ్వుల్లో బాగా ఉంటుంది, శరీరం దాని నుంచి సిస్టీన్‌ను తయారుచేసుకుంటుంది. వేడి అన్నంలో నువ్వుల పొడి, నెయ్యి. ఆకలి లేనివారు కూడా రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

వేరుశనగలు ఏరి వాడండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి పారేయండి. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ నేరుగా లివర్ మీద పడే విషం. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. "వేయిస్తే సరిపోతుందిలే" అని చట్నీలో కలిపే పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు మొక్కల పదార్థాల దగ్గరికి వద్దాం. వాటికి విలువ లేదని నేననడం లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, బ్రకోలీ ఒకే కుటుంబం. వీటిలో గంధకం ఉన్న కొన్ని పదార్థాలు నిద్రాణంగా ఉంటాయి. తరిగినప్పుడో నమిలినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైము వాటిని తాకి ఘాటైన పదార్థాలుగా మారుస్తుంది. బ్రకోలీలో పుట్టే సల్ఫోరఫేన్ వాటిలో పేరున్నది. ఇవి లివర్ కణాల్లో విషాలను బయటికి పంపే యంత్రాంగాన్ని మేల్కొలుపుతాయి. చైనాలోని చిదోంగ్ ప్రాంతంలో 12 వారాలపాటు బ్రకోలీ మొలకల పానీయం తాగినవారి మూత్రంలో, గాలి కాలుష్యం నుంచి ఒంట్లో చేరిన బెంజీన్ 61 శాతం ఎక్కువగా బయటికి వెళ్లిందని 2014లో తేలింది. మనుషుల్లో చేసిన పరీక్ష కాబట్టి చెబుతున్నాను. అది టీబీ మాత్రల దెబ్బను ఆపుతుందని మాత్రం ఎవరూ చూపలేదు.

ఆ మైరోసినేజ్ వేడికి చచ్చిపోతుంది. మన వంటలో క్యాబేజీని తరిగీ తరగగానే మూత పెట్టి మెత్తగా ఉడికిస్తాం, దాంతో లాభం సగం పోతుంది. రెండు పనులు చేయండి. ఒకటి, తరిగాక అరగంట పక్కన పెట్టి, తర్వాత పొయ్యెక్కించండి. రెండోది మన గోదావరి వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది: ఆవ పెట్టడం. పోపులో చిటపటలాడిన ఆవాల్లో ఎంజైము మిగలదు. పచ్చి ఆవాలను కొద్ది నీళ్లతో నూరి, కూర దించి కాస్త చల్లారాక కలిపితే ఎంజైము బతికే ఉంటుంది. ఉడికిన బ్రకోలీకి ఆవపొడి చల్లితే సల్ఫోరఫేన్ పెరిగిందని పరిశోధకులు లెక్కకట్టి చూపించారు కూడా. మన అమ్మమ్మలు అరటికాయలో, పనసపొట్టులో ఆవ పెట్టేవారు రుచి కోసం. వేడి మీద కలిపితే చేదెక్కుతుందని దించాక కలపమనేవారు. కారణం వేరైనా పద్ధతి ఒకటే.

వెల్లుల్లిదీ ఇదే దారి. చిదిమి పది నిమిషాలు ఆగి వేయండి. ఉసిరికాయ, జామకాయ, గోంగూర, మునగాకు, తోటకూర, కాలానికి దొరికినవి తినండి, ఏ ఒక్కదాన్నీ మందు చేయకండి. కాఫీ ప్రియులకు ఒక శుభవార్త: రోజూ కాఫీ తాగేవారిలో లివర్ ఎంజైములు, లివర్ గట్టిపడే జబ్బు తక్కువగా కనిపిస్తున్నాయని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కాఫీ వల్లనేనని అవి రుజువు చేయలేదు. రెండు కప్పులకు అభ్యంతరం లేదు, మాత్రల వేళకు దూరంగా, చక్కెర తగ్గించి.

ఆకుల రసాలను పరగడుపున గ్లాసులకు గ్లాసులు తాగే అలవాటు మానండి. సొరకాయ రసం చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగవద్దు. ఆ చేదు విషం, దానివల్ల మన దేశంలో మరణాలు సంభవించాయి.

ఆరో మెట్టు: మాత్రకూ తిండికీ మధ్య

టీబీ మాత్రలను తిండికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకుంటే ఒంటికి బాగా పడతాయి. వికారంగా ఉంటే కొద్దిగా తిని వేసుకోవచ్చా అని అడగండి. మాత్రలు మానేయడం కన్నా అది చాలా నయం. గ్యాసు మందును వెంటనే వేయకండి, ఐసోనియాజిడ్ పట్టడం తగ్గుతుంది. ట్యూనా చేప, నిల్వ చీజు తిన్నాక ఒళ్లు ఎర్రబడి తలనొప్పి వస్తే అది ఐసోనియాజిడ్‌తో పడని తిండి, మానేయండి.

మిరియాల గురించి కొంత చెప్పాలి. జమ్ములోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలో రిఫాంపిసిన్‌కు 10 మిల్లీగ్రాముల పైపరిన్ జతచేసి, 450 మిల్లీగ్రాముల మందు చేసే పనిని 200తోనే చేయించే క్యాప్సూల్‌ను రూపొందించారు. 2009లో అది మార్కెట్లోకి వచ్చింది. పైపరిన్ మందును ఎంతగా కదిలించగలదో చూడండి. ఆ 10 మిల్లీగ్రాములు సుమారు నాలుగైదు మిరియాల్లో ఉంటాయి. చారు మానమని కాదు. అన్నంతో ఎప్పుడూ తినేంత తినండి. మాత్ర వేసుకునే వేళ మిరియాల కషాయం తాగవద్దు, పైపరిన్ డబ్బాలు అసలే వద్దు.

పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ కొన్ని కొలెస్టరాల్ మందులను, బీపీ మందులను రక్తంలో పెంచేస్తాయి. ఈ సంగతి 1989లో కెనడాలో అనుకోకుండా బయటపడింది. ఒక బీపీ మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మందును పెంచింది రసమే. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవారు పంపర పనస తినకపోవడం మంచిది. మన నల్గొండ, అనంతపురం బత్తాయి వేరే జాతి, తియ్య నారింజ. దానికి భయపడనక్కరలేదు.

ఏడో మెట్టు: రోజూ చూసుకోవలసినవి

రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపు రంగులోకి మారుస్తుంది. చెమట, కన్నీళ్లు కూడా రంగు తేలవచ్చు. ఇది ప్రమాదం కాదు. దీన్నే కామెర్లనుకుని మందు మానేసిన వారిని చూశాను, అసలు కామెర్లు వచ్చినా మందు రంగేలే అనుకున్నవారినీ చూశాను. తేడా ఇలా పట్టుకోండి. మందు రంగు మాత్ర వేసిన కొద్ది గంటల్లో చిక్కగా ఉండి, మర్నాటి మాత్ర నాటికి పలచబడుతుంది. కామెర్లలో మూత్రం రోజంతా చిక్కని టీ డికాక్షన్‌లా ఉంటుంది, మలం రంగు తగ్గి పాలిపోవచ్చు, ఒళ్లు దురద పెట్టవచ్చు. కంటి తెల్లగుడ్డును పగటి వెలుగులో, కిటికీ దగ్గర, పై రెప్ప ఎత్తి చూడండి. పసుపు పచ్చని బల్బు కింద చూస్తే ప్రతి కన్నూ పచ్చగానే ఉంటుంది.

కళ్లు పచ్చబడటం ఆలస్యంగా వచ్చే గుర్తు. అంతకన్నా ముందు కనిపించేది తిండి వాసనకే వికారం. నిన్నటి దాకా తిన్న మనిషి ఇవాళ అన్నం గిన్నె చూసి ముఖం తిప్పుకుంటే, కారణం లేని నీరసం ఉంటే, కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంటే లెక్కలోకి తీసుకోండి. వారానికోసారి బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన యాంటీబయాటిక్ వాడినవారికి కోర్సు ముగిసిన కొన్ని వారాలకు కూడా కామెర్లు రావచ్చు. మందు అయిపోయింది కదా అని ఊరుకోకండి.

ఎనిమిదో మెట్టు: తేడా కనిపించిన రోజు

ఆగకుండా వాంతులవుతుంటే, కళ్లు పచ్చబడితే తర్వాతి మోతాదు వేయకుండా అదే రోజు టీబీ కేంద్రానికి వెళ్లండి. మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే అది అత్యవసరం, పెద్దాసుపత్రికే. ఒట్టి వికారమే ఉంటే సొంతంగా మానేయకండి. ముందు ఆరోగ్య కార్యకర్తకు ఫోను చేసి, ఎస్‌జీపీటీ చేయించండి. నిజంగా లివర్ దెబ్బతిన్నదని తేలితే డాక్టర్లు మందులు ఆపి, అంకెలు దిగాక ఒక్కొక్కటే తిరిగి మొదలుపెడతారు. ఏ మందు పడలేదో అలా తేలుతుంది, చాలామంది కోర్సు పూర్తి చేయగలుగుతారు. ఆ మధ్య విరామంలో పసరు తాగితే, తర్వాత పెరిగిన అంకె మాత్రదా, పసరుదా అని ఎవరూ చెప్పలేరు. సాయానికి ని-క్షయ్ ఉచిత ఫోను 1800 11 6666. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయించడానికి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఫోను 1800 180 3024. మూలికల వల్ల వచ్చిన ఇబ్బందిని కూడా చెప్పవచ్చు.

ఆ రోజు కౌంటరు మీద చివరికి మిగిలినవి టీబీ స్ట్రిప్పు, ఒక్క పారాసెటమాల్, అదీ జ్వరం వచ్చినప్పుడే. జలుబు మాత్ర, నొప్పుల మాత్ర నేనే తీసి పక్కన పెట్టాను. కర్కుమిన్ డబ్బాను ఆవిడ కొడుకుకు ఫోటో తీసి పంపారు. నేల ఉసిరి పొట్లాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపాను. పొట్లాన్ని పారేయకండి, దాని మీద తారీఖు, ఎవరిచ్చారో, రోజుకు ఎంత తిన్నారో రాసి, ఎల్‌ఎఫ్‌టీ కాగితంతో పాటు అదే సంచిలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి అన్నాను. ఆవిడ నా కలం అడిగి తీసుకుని, పొట్లం మీద ఖాళీ చోటు వెతుక్కుని రాయడం మొదలుపెట్టారు.